శశిరేఖ పెట్టెలో ఫ్రాయిడ్‌!

మాయాబజార్‌ ఎన్నిసార్లు చూశారంటే ఎవరైనా లెక్క చెప్పగలరా? ఘటోత్కచుడి భోజనానికి నవ్వుకుంటాం, మాయా శశిరేఖ నడకకి మురిసిపోతాం, కృష్ణుడి చిరునవ్వుకి చేతులు జోడిస్తాం. మరి అదే సినిమాని ఫ్రాయిడూ లకానూ ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే..? సినిమా పాతదే. కనిపించేది మాత్రం మన ఇంటి సంగతే!

బోగోలులో ఓ ఇల్లు అనుకుందాం. ఆదివారం మధ్యాహ్నం. చేపల పులుసుతో భోజనాలయ్యాయి. దూరంగా హైవే మీద లారీల మోత. బిట్రగుంట స్టేషన్‌ వైపు నుంచి రైలు కూత. టీవీలో మాయాబజార్‌ వస్తోంది. అమ్మమ్మ మంచమ్మీద కూర్చుని తెరమీద రాబోయే మాటల్ని ఓ క్షణం ముందే తను అనేస్తోంది. అల్లుడుగారు పడక్కుర్చీలో సగం నిద్రలో ఉన్నారు. హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్న మనవరాలు సెలవులకొచ్చింది. 

శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచింది. చూసేవారికి ఏది అత్యంత ప్రియమో అదే కనిపించే పెట్టె అది. 

‘అమ్మమ్మా, ఇది అచ్చం లకాన్‌ చెప్పినట్టే ఉందే’ అంది మనవరాలు.

‘ఎవరే వాడు? సినిమాలో ఎక్కడున్నాడు?’ అంది అమ్మమ్మ.

సినిమాలో లేడు మరి. జాక్‌ లకాన్‌ (1901-81) ఫ్రెంచి మనోవిశ్లేషకుడు. మాయాబజార్‌ విడుదలైన 1957లో ఆయన పారిస్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాడు. మద్రాసు వాహినీ స్టూడియోలో కె.వి.రెడ్డి ఏం తీశారో ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఆయన ఏం చెబుతున్నాడో పింగళి నాగేంద్రరావుకి తెలియాల్సిన అవసరమూ లేదు. అయినా ఈ ఇద్దరూ ఒకే ప్రశ్న దగ్గర తారసపడ్డారు. మనిషికి ఏం కావాలి? అది కావాలని అతనికి ఎలా తెలిసింది?

పడుకోబెట్టింది ఒకరు, నిలబెట్టింది ఒకరు!

ఈ కథ ఫ్రాయిడ్‌తో మొదలవుతుంది. వియన్నా వైద్యుడు సిగ్మండ్‌ ఫ్రాయిడ్‌ 1899 చివర్లో కలల మీద ఓ పుస్తకం వెలువరించాడు. మనకు తెలిసిన మనసు కింద మనకు తెలియని మనసు ఒకటుందనీ, అందులో అణగదొక్కిన కోరికలు వేషాలు మార్చుకుని కలల్లోకి వస్తాయనీ ఆయన సిద్ధాంతం. నోరు జారి అన్న మాటలు కూడా ఆ లోపలి మనసు పనేనన్నాడు. రోగిని ఓ సోఫా మీద పడుకోబెట్టి, నోటికొచ్చింది వచ్చినట్టు చెప్పమనేవాడు. ఆ సోఫా లండన్‌లోని ఫ్రాయిడ్‌ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

అంటే... సత్యపీఠం! మాయాబజార్‌ చివర్లో శకుని దానిమీద నిలబడతాడు. అంతసేపూ తేనె పూసిన మాటలు పలికిన ఆ నోరే ఈ పెళ్లి వెనకున్న పన్నాగమంతా బయటపెట్టేస్తుంది. సీఎస్సార్‌ ఆ సన్నివేశంలో తన నోటిని చూసి తనే కంగారుపడినట్టు నటిస్తారు. తన మాట మీద తనకే పట్టు లేకపోవటాన్ని ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చూపించలేరేమో! వియన్నాలో ఫ్రాయిడ్‌ పడుకోబెట్టాడు. మద్రాసులో పింగళి నిలబెట్టారు. అంతే తేడా.

ఈ శాస్త్రం మనదేశానికి కొత్తేం కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్‌ బోస్‌ అనే వైద్యుడు 1922లోనే ఇండియన్‌ సైకో ఎనలిటికల్‌ సొసైటీని ప్రారంభించాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడు. 1931లో ఫ్రాయిడ్‌ 75వ పుట్టినరోజుకి ఆ సంఘం దంతంతో చేసిన విష్ణుమూర్తి విగ్రహాన్ని కానుకగా పంపింది. దేవుణ్ని నమ్మని ఆ పెద్దాయన దాన్ని తన బల్లమీద పెట్టుకున్నాడు. మన నవలాకారులూ వెనకబడలేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్‌ ‘అసమర్థుని జీవయాత్ర’ 1940ల్లోనే మనసు లోపలి చీకటి గదుల్లో దీపం పెట్టి చూశాయి. 

నవలలు సరే. సినిమాలూ, పాటలూ, అభిమాన సంఘాలూ... ఇవి కూడా తత్వశాస్త్రంతో చూడదగ్గవే అని పెద్ద చదువులవాళ్లు ఒప్పుకోడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1957లోనే - మాయాబజార్‌ వచ్చిన ఏడాదే - రోలా బార్త్‌ అనే ఫ్రెంచి రచయిత కుస్తీ పోటీలూ, సబ్బుల ప్రకటనలూ, కొత్త మోడల్‌ కారూ వంటివాటిమీద రాసిన వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. రోజూ చూసే మామూలు వస్తువులే మనకు తెలియకుండా మనకు పాఠాలు చెబుతున్నాయన్నది ఆయన వాదన. తర్వాత లకాన్‌ ఆలోచనల్ని సినిమా హాల్లోకి తీసుకొచ్చినవాళ్లు చాలామంది. వాళ్లలో బాగా పేరుపడింది స్లొవేనియాకి చెందిన స్లావోయ్‌ జిజెక్‌. 1949లో పుట్టిన ఈ తత్వవేత్త హిచ్‌కాక్‌ సినిమాలతో లకాన్‌ని వివరిస్తాడు. ‘ద పర్వర్ట్స్‌ గైడ్‌ టు సినిమా’ (2006) అని ఓ డాక్యుమెంటరీ కూడా ఉంది. పేరు చూసి కంగారు పడకండి, పాఠమే! అందులో ‘సైకో’ సినిమాలోని ఇంటిని చూపిస్తూ మూడంతస్తులూ మనసులోని మూడు భాగాలంటాడు. పై అంతస్తులో తల్లి గద్దింపు. కింద మామూలు కొడుకు. నేలమాళిగలో ఎవరికీ చూపించకూడనిది.

ప్రియమంటే ముద్దు... ప్రియమంటే ఖరీదు

ఇక పెట్టె సంగతి. 

ప్రియదర్శినిలో శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. తండ్రి బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు కనిపిస్తాడు. తల్లి రేవతికి నగలు కనిపిస్తాయి. కృష్ణుడికి శకుని కనిపిస్తాడు! ఏదో పిల్లల మాయపెట్టెలా నవ్వించి వెళ్లిపోయే ఈ ఘట్టంలో సినిమా కథంతా ఉంది. ముందు ముందు రేవతి ఎందుకు మాట తప్పుతుందో, బలరాముడు ఎందుకు బోల్తా పడతాడో, కృష్ణుడు ఎవరితో ఆట ఆడబోతున్నాడో అక్కడే చెప్పేశారు. 

మామూలుగా మనం ఈ పెట్టెని అద్దం అనుకుంటాం. మనసులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని. లకాన్‌ ఇక్కడే అడ్డం తిరుగుతాడు. ఆర్నెల్ల నుంచి ఏడాదిన్నర లోపు పసివాడు తొలిసారి అద్దంలో తన్ను తాను గుర్తుపట్టి కేరింతలు కొడతాడు కదా. అద్దంలోని బిడ్డ నిండుగా, కుదురుగా కనిపిస్తాడు. బయటి బిడ్డకేమో ఇంకా నిలబడటమే సరిగా రాదు. తనకంటే మెరుగైన ఆ బొమ్మే ‘నేను’ అని వాడు నమ్మేస్తాడు. అద్దం ఉన్నది చూపించటం లేదు. ఏం కావాలో నేర్పిస్తోంది. కోరికలూ అంతేనంటాడు లకాన్‌. అవి మన లోపల మొలిచినవి కావు. అమ్మ కళ్లలో, నలుగురి మాటల్లో, పక్కింటివాళ్ల వాకిట్లో చూసి తెచ్చుకున్నవి.

ఇదంతా ఫ్రెంచి వాసన వేస్తోందనిపిస్తే తెలుగులోకే వద్దాం. ‘ప్రియం’ అనే మాటకి మనకు రెండర్థాలు. ప్రియమైన బిడ్డ అంటాం. కూరగాయలు ప్రియమయ్యాయనీ అంటాం. ముద్దూ అదే, ఖరీదూ అదే. పింగళి పెట్టెకి పెట్టిన పేరులో ఈ రెండూ ఉన్నాయి. శశిరేఖకి మొదటి అర్థం కనిపించింది, రేవతికి రెండోది. ఆ నగలు రేవతికి ఎందుకంత ప్రియం? అవి నలుగురికీ ప్రియం కాబట్టి! ఎవరూ కోరుకోని రాయిని ఏ తల్లీ మెళ్లో వేసుకోదు. 

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పెట్టెలు నాలుగైదున్నాయి. అరచేతిలో పడతాయి. ఒకసారి కాసులపేరు బొమ్మ మీద వేలు ఆగితే చాలు, వారం రోజులు కాసులపేర్లే. మనకు నచ్చింది చూపిస్తోందనుకుంటాం. చూపించి చూపించి నచ్చజెబుతోందన్న అనుమానం ఎప్పుడో గానీ రాదు.

తెలుసు... అయినా

మాయాబజార్‌ ఓ పెళ్లి కథ. అదీ మేనరికం. శశిరేఖా అభిమన్యుల పెళ్లి చిన్ననాడే అనుకున్నది. సుభద్రకి అన్నగారు మాటిచ్చారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. అంతే, వదినగారి నోట మాట మారిపోయింది. ఆస్తి లేని ఇంటికి పిల్లనివ్వనంది. ఛాయాదేవి రేవతిగా ఆ కాస్త చూపులోనే ఎంత దూరం పెట్టేస్తుందో! అటు దుర్యోధనుడి సంబంధం. ఐశ్వర్యానికి లోటు లేదు. పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడు, అంటే రేలంగి. ఎలాంటివాడో హాలంతటికీ తెలుసు. 

విశేషమేమిటంటే, ఆ పిల్ల మనసులో ఎవరున్నారో ఇంట్లో తెలియనివాళ్లెవరూ లేరు. తెలుసు. అయినా పెళ్లి పనులు మొదలయ్యాయి.

ఫ్రెంచి మనోవిశ్లేషకుడు ఒక్తావ్‌ మానొనీ 1964లో సరిగ్గా దీనిమీదే ఓ వ్యాసం రాశాడు. ‘తెలుసు... అయినా’ అనే మాటల మధ్య మనిషి ఎంత హాయిగా బతికేస్తాడన్నది దాని సారం. జిజెక్‌ 1989లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని సమాజం మొత్తానికీ వర్తింపజేశాడు. జనం తెలియక తప్పులు చేస్తారనీ, చెబితే మానేస్తారనీ చదువుకున్నవాళ్లు అనుకుంటారు. కాదు, తెలిసే చేస్తారు. భ్రమ ఉన్నది తలలో కాదు, చేతల్లో!

ఉదాహరణకు పారిస్‌ దాకా పోనక్కర్లేదు. వరకట్నం నేరమని 1961 నుంచీ చట్టం ఉంది. బోగోలులో తెలుసు, కావలిలో తెలుసు, నెల్లూరులో తెలుసు. పెళ్లిచూపుల్లో కూర్చున్న పెద్దలందరికీ తెలుసు. ‘మేం కట్నం అడగం’ అని మొదలుపెట్టి, ‘మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అని ముగిస్తారు. ఈ రెండు వాక్యాల మధ్యే ఎకరాలూ, ఇళ్ల స్థలాలూ చేతులు మారతాయి. సత్యపీఠం తెచ్చి ఆ హాల్లో వేస్తే? ఎవరూ దానిమీద కాలు పెట్టరు గానీ, పెడితే ఏం వినబడుతుందో అందరికీ తెలుసు... అయినా!

ఇక్కడ ఇంకో సంగతి. ఫ్రాయిడ్‌ చెప్పిన ఈడిపస్‌ కథలో కొడుకు తండ్రిని చంపుతాడు. మనదేశంలో అది అలాగే కుదరదని బోస్‌ ఆయనతోనే వాదించాడు. తర్వాత ఏ.కె.రామానుజన్‌ భారతీయ కథల్ని గాలించి, మన దగ్గర బాణం తిరగబడి ఉంటుందన్నాడు. పెద్దల కోరికకి పిల్లలు బలైపోతారు. యయాతికి ముసలితనం ఇష్టం లేదు, కొడుకు పూరుడు తన యౌవనం ఇచ్చుకున్నాడు. శంతనుడు మనసు పడ్డాడు, కొడుకు దేవవ్రతుడు పెళ్లే మానుకుని భీష్ముడయ్యాడు. ఆ వరసలో చూస్తే బలరాముడికి ప్రియశిష్యుడి మాట ముఖ్యం, రేవతికి నగలు ముఖ్యం. శశిరేఖ లెక్కలో లేదు. వ్యాసభారతంలో లేని ఈ కల్పిత కథ జనం నోళ్లలో పుట్టి, నాటకాలకెక్కి, సినిమాగా వచ్చి ఇన్నేళ్లు నిలిచిందంటే ఊరికే కాదు. పెద్దల మాటకి తలొంచే ఇళ్లలో కూర్చుని, ఆ మాట ఎలా చెల్లకుండా పోతుందో చూడటం ఎంత హాయి! అయితే పిల్ల ఎదురు తిరిగితే కథ చెడుతుంది. అందుకని పిల్లకి బదులు ఘటోత్కచుణ్ని కూర్చోబెట్టారు. శశిరేఖ అనలేనిదంతా శశిరేఖ రూపంలోనే వాడు అంటాడు, కాలు తొక్కుతాడు, పెళ్లికొడుకుని బెదరగొడతాడు. అసలు శశిరేఖ బుద్ధిమంతురాలిగానే మిగులుతుంది. వేషాలేసుకుని వచ్చే కోరిక అని ఫ్రాయిడ్‌ అన్నది దీన్నే. సావిత్రి ఒక్కతే రెండూ చేసింది మరి.

అంతా ఉత్తదేనా?

నిద్రలేచిన అల్లుడుగారికి ఇదంతా ఒళ్లు మండిస్తుందనటంలో సందేహం లేదు. ‘హాయిగా చూసే సినిమాకి ఈ పోస్టుమార్టం ఏంది? వాళ్లు పెట్టె పెట్టింది జనం నవ్వటానికి.’ 

ఆయన ఒంటరివాడేం కాదు. తత్వవేత్త కార్ల్‌ పాపర్‌ మనోవిశ్లేషణ మీద ఇదే నింద వేశాడు. ఏం జరిగినా తమ సిద్ధాంతమే నిజమని నిరూపించేవాళ్లతో ఎలా వాదించటం అన్నాడు. బాగుంటే కోరిక, బాగోకపోతే అణచిన కోరిక! 1996లో డేవిడ్‌ బోర్డ్‌వెల్‌, నోయెల్‌ కరోల్‌ అనే అమెరికన్‌ పండితులు ‘పోస్ట్‌ థియరీ’ అని ఏకంగా ఓ పుస్తకమే తెచ్చారు. సినిమా ఎలా పనిచేస్తుందో చూడకుండా లకాన్‌ని జపిస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. 

వాళ్లకి జవాబుగా 2001లో రాసిన పుస్తకంలో జిజెక్‌ తనమీదే ఓ కథ చెప్పుకున్నాడు. ఓ చర్చలో, అంతకుముందెన్నడూ చూడని ఓ బొమ్మ గురించి మాట్లాడమన్నారట. ఏం చెప్పాలో తెలియక, మనకు కనిపించే చట్రం అసలు చట్రం కాదనీ, కనిపించని చట్రం ఇంకోటుందనీ నోటికొచ్చింది చెప్పేశాడు. తీరా చూస్తే, మిగతావాళ్లు ఆ మాటల్ని గంభీరంగా చర్చించుకున్నారు! కాబట్టి అల్లుడుగారి అనుమానంలో నిజముంది. ఈ రంగంలో బడాయి కబుర్లకి కొదవలేదు. పెద్ద పెద్ద మాటలు అల్లి, సినిమా పేరు తీసేసి ఇంకో సినిమా పేరు పెట్టినా చెల్లిపోయే వ్యాసాలు చాలానే ఉన్నాయి. 

తేడా కనిపెట్టడం మరీ కష్టమేం కాదు. చెప్పిన మాట మనల్ని మళ్లీ సినిమా దగ్గరికి పంపిందా లేదా అన్నదే లెక్క. మాయాబజార్‌లో పాండవులు ఒక్క సన్నివేశంలోనూ కనిపించరు. గమనించారా? కథంతా వాళ్ల కోసమే, వాళ్ల రాజ్యం పోయినందుకే. చాలామంది ఏళ్ల తరబడి చూసి కూడా ఆ లోటు గుర్తించరు. లేనిదే కథని నడిపిస్తుందని లకాన్‌ శిష్యులు ఊదరగొడితే విసుగ్గా ఉంటుంది గానీ, ఈ సినిమాలో అది కళ్లెదుటే ఉంది.

తెలుగు సినిమా మీద ఇలా తిన్నగా చూసి రాసినవాళ్లున్నారు. ఎస్‌.వి.శ్రీనివాస్‌ చిరంజీవి మీద 2009లో, తెలుగు సినిమా సామాజిక చరిత్ర మీద 2013లో ఇంగ్లిషులో పుస్తకాలు రాశారు. అభిమాని అంటే కళ్లు మూసుకున్న భక్తుడని అందరూ అనుకునేవేళ ఆయన అభిమాన సంఘాల మధ్య తిరిగి వేరే మాట చెప్పారు. అభిమాని దండం పెడతాడు, తన ఊహకి తగ్గట్టు హీరో లేకపోతే అలుగుతాడు, ఎదురూ తిరుగుతాడు. హైదరాబాదు ఇఫ్లూలో పాఠాలు చెప్పిన ఎం.మాధవప్రసాద్‌ ‘సినీ పాలిటిక్స్‌’ (2014)లో దక్షిణాదిలో తారలు నాయకులెలా అయ్యారన్నది తర్కించారు. జనం వెర్రివాళ్లు కాబట్టి ఓటేశారన్న చవకబారు సమాధానం ఆయనకి నచ్చలేదు. మాయాబజార్‌ కృష్ణుడు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. తొమ్మిది నెలలు! తెర అద్దమో, ఏం కావాలో నేర్పే పెట్టో, ఈ రెండు తేదీల మధ్య ఆ ప్రశ్న ప్రతి పల్లెలోనూ తిరిగింది.

బిట్రగుంట నుంచి మద్రాసుకి

బోగోలు మండలానికి ఈ వ్యవహారం మరీ దూరమేం కాదు. బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకి పేరుమోసిన రైల్వే ఊరు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నంతకాలం ఈ పట్టాల మీదుగానే దాని దగ్గరికి దారి. వేషాల కోసం పోయేవాళ్లూ, పాటల కోసం పోయేవాళ్లూ కోస్తా నుంచి బిట్రగుంట మీదుగా వెళ్లినవాళ్లే. అప్పటి నెల్లూరు జిల్లాలోనే సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయకి ‘మనసు కవి’ అని బిరుదు. రాసి జనాన్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తాడని చెప్పుకునేవాళ్లు. ఆయన పాటల్లో మనసు అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేస్తే ఓ పరిశోధనకి సరిపోతుంది. మనసు పడటం, మనసు విరగటం, మనసు చంపుకోవటం... అణచివేత అనే మాట ఫ్రాయిడ్‌కి కావాల్సొచ్చింది. మనకు ‘మనసు చంపుకుంది’ ఎప్పటినుంచో ఉంది. మన వాడుకలో అది ఎక్కువగా ఆడవాళ్ల గురించే వినిపిస్తుంది, ఎందుకో!

సినిమా అయిపోయింది. శశిరేఖకి అభిమన్యుడితో పెళ్లయింది. మనవరాలు టీవీ ఆపింది. 

‘అమ్మమ్మా, నీ పెళ్లినాడు ఆ పెట్టె తెరిచుంటే ఏం కనపడేది?’

తాతయ్య లోకోషెడ్డులో ఫైర్‌మన్‌. రైల్వే ఉద్యోగం, క్వార్టరు. సంబంధం వచ్చిన వారానికే ఖాయం చేశారని ఇంట్లో ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే మాటే. అమ్మమ్మ కాసేపు ఏమీ అనలేదు. 

‘నాకెవరు తెరిచి చూపించారే పెట్టె? తాళాలు మా నాయన దగ్గరుండేవి’ అంది. మంచం దిగి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూట్టానికి లోపలికెళ్లింది.